బండి తోలింది ఎవరు

చపాతీ పిండిలో చెక్కపొట్టు కనిపించేసరికి ముబషిరాకు ఒళ్ళు మండింది. గోరంత పొడవున, వంకీలు తిరిగిన సన్నటి పొట్టు పిండి ముద్దకు అక్కడక్కడా అతుక్కొని ఉంది. ఏరి పారేయడం మొదలుపెట్టి, రెండు మూడు ఏరాక ఇంక ఓపిక లేక, పిండి పళ్ళెం చేతిలో పట్టుకొని వసారాలోకి వచ్చింది.

"చూడండి మామా. ఇట్ట వండి పెట్టమంటారా?"

ఫకీర్ సాహెబ్ గోడకు ఆనుకొని, కాళ్ళ మధ్య నర్ది చెక్క ముక్కను పట్టుకొని గరిటె చెక్కుతున్నాడు. ఉదయగిరి చెక్క గరిటెలు కొనేవాళ్ళు ఊళ్ళు దాటి వస్తారు గాని, ఆ గరిటెల పొట్టు మాత్రం ఇంట్లోవాళ్ళే భరించాలి. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"గాలి అటు తోలతా ఉండాది. గాలికి నేను చెప్పేదేంది?"

"గాలికి చెప్పొద్దు. మీరు ఆ పక్కకి తిరిగి కూర్చోండి."

"ఆ పక్క ఎండ. నువ్వే పిండికి మూత పెట్టుకోవాల. నలబై ఏండ్లుగా నా అన్నంలో పడతానే ఉండాది. చచ్చినానా?"

"మీరు చావలేదు, సంతోషం. కాలేజీకి పొయ్యే పిల్ల డబ్బాలో పెట్టి పంపేదెట్ట?"

కూతురు ఇర్ఫానా జడ వేసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. నోరు ఊరుకోదు. "దాదా, ఫర్నీచర్ చపాతీ అని బోర్డు పెడదాం. కోట చూడ్డానికి వచ్చినోళ్ళు ఎగబడి కొంటారు."

మామూలు రోజైతే ఈ మాటకు ఇర్ఫానా తండ్రి జబీవుల్లా అందరికంటే ముందు నవ్వేవాడు. ఇవాళ ఆయన మంచం అంచున కూర్చొని ఫోను బోర్లా పెట్టి, దాని వీపునే చూస్తున్నాడు. భార్య అరుపూ తండ్రి వాదనా ఆయన చెవికి సోకలేదు. ముబషిరా ఆయన్ను ఒకసారి చూసి, పిండి పళ్ళెంతో వెనక్కి తిరిగింది. పొట్టు మీద అంత కోపం తెచ్చుకోవలసింది కాదని ఆమెకు తెలుసు. అసలు సంగతి ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేక, అందరూ దొరికిన చిన్న మాట మీద పడుతున్నారు.

జబీవుల్లా ఆత్మకూరులో రామనారాయణ దగ్గర డ్రైవరు. వారమంతా అక్కడే, వాళ్ళ గేటు పక్క గదిలో ఉంటాడు. గురువారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తాడు. రామనారాయణది పాత భూముల కుటుంబం. కొత్త రైలు దారి ఆయన నిమ్మతోట నడుమగుండా పోయింది. తోట రెండు ముక్కలైంది. ప్రభుత్వం ఇచ్చిన పరిహారంతో ఆయన మంచి కారు కొన్నాడు. అది రోడ్డు మీద తెల్లగీతలు చూసుకుంటూ దానంతట అదే మలుపు తిరుగుతుంది, ముందు బండి ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది.

కారు కొన్న కొత్తలో జబీవుల్లా ఇంటికి వచ్చి దాని ముచ్చట్లే చెప్పేవాడు. "సార్ ఏమంటాడో తెల్సా? రైలు వచ్చేదాకా ఎవురుంటార్రా, వచ్చినా దాని టైముకి మనం పరిగెత్తాల, పదిమందితో కలిసి కూర్చోవాల. ఇదైతే మన టైముకి మన గేటు ముందర్నించి పోతాది. ఇంకో పదేండ్లకి డ్రైవరనేవాడే ఉండడు అంటాడు. మరి నేనేం చెయ్యాల సార్ అంటే, పక్కన కూర్చోని కబుర్లు చెప్పరా అన్నాడు." చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు చివర కొంచెం వెలితిగా ఉండేది.

ఫకీర్ సాహెబ్‌కు రైలంటే ప్రాణం. అది ఉదయగిరికి రాదు, ఆత్మకూరు మీదుగా పోతుంది. అయినా అది తన కోసమే వస్తున్నట్టు మాట్లాడేవాడు. "రైలుకి ముందు దారి వేస్తారు, తర్వాత బండి తెస్తారు. మీ సార్ ముందు బండి తెచ్చుకున్నాడు. దానికి దారి ఎవురు వేస్తారు?" అనేవాడు. "నువ్వు చెప్పే ఆ దారి అయ్యేలోపల నాకు మనవళ్ళు పుడతారు దాదా, ఎక్కేవోళ్ళకి ఈ రోజు బండి కావాల గదా," అని ఇర్ఫానా ఎదురు చెప్పేది. ఆ వాదన అప్పుడు అన్నంలోకి నంజుకున్నట్టు ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం ఆ కారు పెంచలయ్యను చంపింది.

ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వస్తే, రైలు దారి రోడ్డును అడ్డంగా దాటేచోట వంతెన కోసం పెద్ద గుంత తవ్వారు. రోడ్డును ఎడమ పక్క చేలోకి మళ్ళించారు. మళ్ళించిన దారి మట్టిది, దానికి గీతలు లేవు. పాత రోడ్డు మీది తెల్లగీత మాత్రం చెరగకుండా నేరుగా గుంత దగ్గరికి పోతుంది. అక్కడ డ్రమ్ములు పెట్టి, ఎర్రగుడ్డ పట్టుకొని బండ్లను పక్కకు మళ్ళించడానికి ఒక మనిషిని నిలబెట్టారు. అతనే పెంచలయ్య. రైలు పనిలో దినకూలీ.

కారు గీతను నమ్ముకొని పోయింది. డ్రైవరు సీటులో రామనారాయణ కూర్చున్నాడు. జబీవుల్లా పక్క సీటులో ఉన్నాడు. రామనారాయణ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, ఇటు తిరిగి ఏదో చెబుతున్నాడు. జబీవుల్లా అరిచి స్టీరింగు లాగేలోపే అయిపోయింది. "ఆ మనిషి రెండు చేతులతో గుడ్డ ఊపినాడే, అరిచినాడే. మనిషిని కొట్టినాక ఆగిందే," అని ఆ రాత్రి ఇంటికి వచ్చి చెప్పాడు జబీవుల్లా. "కొట్టినాక దానంతట అదే చక్కగా ఆగింది." ఆ తర్వాత ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చపాతీల గొడవ అయిన ఆ పొద్దునే, పదిగంటల వేళ రామనారాయణ వచ్చాడు. కారు పోలీసు స్టేషన్‌లో ఉంది కాబట్టి బాడుగ బండిలో వచ్చాడు. ముబషిరా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. పెద్దమనిషి ఈ వసారాలో కూర్చోవడం అదే మొదలు. ముఖం పీక్కుపోయి ఉంది. టీ గ్లాసు పెదవులదాకా ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. అతన్ని చూసి ముబషిరాకు కోపం రావాలి గాని రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"జబీ, నేను తోలినానారా? నువ్వు చూసినావు గదా. నేను ముట్టుకోలేదు. నువ్వూ తోల్లేదు. కారే పొయింది. ఆ మాట స్టేషన్లో చెప్తే నన్ను పిచ్చోడిని చూసినట్టు చూసినారు. కారు పేరు రాసుకోరంట. మనిషి పేరు కావాలంట."

అతను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"నా లైసెన్సు తేదీ అయిపొయింది. నేను చూసుకోలేదు. నా పేరు పడితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తారు. ఆ పెంచలయ్య పెండ్లాం వరదమ్మకి ఏమీ రాదు. నీ పేరు పడితే వస్తాది. ఆమె మొహం చూసైనా ఒప్పుకోరా. బెయిలు నేను ఇప్పిస్తా. లాయరు నా మనిషే. ఆ మనిషి గుడ్డ ఊపలేదు, అడ్డం వచ్చినాడు అని చెప్పు. నీకు కేసు తేలికైపోతాది."

ఈ వైపు డ్రైవర్ల ఇళ్ళలో ఇది కొత్త మాట కాదు. ఓనరు సరదాపడి తోలినా, ఓనరు కొడుకు తోలినా, దెబ్బ తగిలితే డ్రైవరు పేరే స్టేషన్‌కు పోతుంది. తర్వాత ఓనరు అతన్ని వదిలిపెట్టడు. అది రాయని ఒప్పందం. ఫకీర్ సాహెబ్ కూడా దాన్ని తప్పనలేదు. గడ్డం నిమురుకుంటూ, "అంతే గదా సారూ, ఎప్పుడూ జరిగేదే గదా," అన్నాడు.

ముబషిరా ఉండబట్టలేక అడిగింది. "సార్, చేతులు తియ్యొచ్చని కంపెనీ వాళ్ళు చెప్పినారా?"

రామనారాయణ ఆమెను చూడలేదు. జబీవుల్లాను చూశాడు. "మొదట్లో చేతులు తీస్తే గీగీమని అరిచేది. తర్వాత అరవలా. ఎందుకు అరవలేదో నీకు తెలుసు గదరా జబీ."

జబీవుల్లా తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"రేపు సాయంత్రంలోగా నిన్ను స్టేషన్‌కి తీసుకొస్తానని చెప్పి వచ్చినా," అని రామనారాయణ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నిన్ను నా ఇంటి మనిషి లాగే చూసుకున్నా," అన్నాడు. అది అబద్ధం కాదు. ఇర్ఫానాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తన కారులోనే నెల్లూరు ఆసుపత్రికి పంపిన మనిషి అతను.

ముబషిరా చపాతీలు అట్లాగే వదిలేసి, ముఖం కడుక్కొని, బురఖా వేసుకుంది.

"యాడికి?" అన్నాడు జబీవుల్లా.

"ఆత్మకూరుకి. ఆమె మొహం చూసి ఒప్పుకోమన్నాడు గదా. నేను చూసొస్తా."

నెల్లూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండకు వాడిన కందిచేలు, రాళ్ళ గుట్టలు, మళ్ళీ చేలు వెనక్కి పోతున్నాయి. ఆత్మకూరు దగ్గర పడేకొద్దీ ఎర్రమట్టి కట్ట ఒకటి చేలకంటే ఎత్తుగా, సాపుగా కనిపించింది. రైలు కట్ట. దాని మీద ఇంకా పట్టాలు లేవు, రెండు మేకలు నిలబడి ఉన్నాయి. గుంత దగ్గర బస్సు ఆగింది. కొత్త మనిషి ఎర్రగుడ్డ పట్టుకొని నిలబడ్డాడు. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, "పోనా అన్నా?" అన్నాడు. "ఉండబ్బా, ట్రాక్టరు వస్తా ఉండాది," అని అతను గుడ్డ ఊపాడు. ట్రాక్టరు దాటాక చెయ్యి అటు చూపించాడు. బస్సు నిదానంగా మట్టిలోకి దిగింది. ముబషిరా రోడ్డు మీది తెల్లగీతను గుంత అంచుదాకా చూసి, ఇక చూడలేక కళ్ళు మూసుకుంది.

వరదమ్మ ఇల్లు ఊరి చివర కాలనీలో ఉంది. ముందు రేకుల పంచ. పంచలో చాప మీద నలుగురు ఆడవాళ్ళ మధ్య ఆమె కూర్చొని ఉంది. ముబషిరా కంటే చిన్నది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి, కళ్ళు పొడిబారి ఉన్నాయి.

దారి పొడుగునా ముబషిరా ఏదో ఒక పేరు చెప్పుకుందామనుకుంది. తీరా ఎదురుగా కూర్చున్నాక నోరు రాలేదు. "నేను ఆ బండి డ్రైవరు భార్యను," అంది.

ఆడవాళ్ళలో ఒకామె లేచి నిలబడింది. "ఎంత ధైర్యమే నీకు, ఈడికి రాను!"

"ఉండక్కా," అంది వరదమ్మ. ముబషిరాను చాలాసేపు చూసింది. "నీ మొగుడేనా తోలింది?"

ముబషిరా చాప పుల్లను గోటితో గీరింది.

"ఒకడొచ్చి డ్రైవరు తోలినాడంటాడు. ఇంకొకడొచ్చి ఓనరు తోలినాడంటాడు. ఎవురూ తోల్లేదు, కారే పొయిందని బయట అనుకుంటా ఉండారు. రైలుకైనా ఇంజన్లో మనిషి కూర్చోనుంటాడంట, మా ఆయన చెప్పేవోడు. మనిషి లేని బండి వచ్చి మనిషిని కొట్టిందంటే నేనెవుర్ని తిట్టుకోవాల? నా నోటికి ఒక పేరన్నా కావాల గదమ్మా."

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, మళ్ళీ అంది. "అది కూడా పోనీ. మేస్త్రీ వచ్చి, పెంచలయ్య గుడ్డ ఊపలేదంట, నిలబడి కునుకు తీసినాడంట అని చెప్పి పొయినాడు. ఆ ఎండలో, ఆ దుమ్ములో ఎవురికి కునుకొస్తాది? ఆయన ఇంట్లో పడుకున్నా సరిగా నిద్ర పొయ్యేవోడు కాదు. నీ మొగుడు బండిలో ఉండాడు గదా. చూసుంటాడు గదా. ఊపినాడా, లేదా?"

ఈ ఒక్క మాట నోటినుంచి జారితే రామనారాయణ చెప్పినదంతా కూలిపోతుంది. వెనక్కి తీసుకోవడానికి ఉండదు.

"ఊపినాడు," అంది ముబషిరా. "రెండు చేతులతో ఊపినాడంట. అరిచినాడంట కూడా. మా ఆయన చూసినాడు."

వరదమ్మ ఏడవలేదు. పక్కనున్న ఆమె వైపు తిరిగి, "ఇన్నావా అక్కా?" అంది. "ఇన్నావా?" అని మళ్ళీ అంది. అప్పుడు ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

లేచేముందు ముబషిరా, దాచకూడదని, ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పింది. నిజం చెబితే రావలసింది ఆగిపోవచ్చు, అసలే రాకపోవచ్చు. వరదమ్మ ముఖం తుడుచుకుంది. "మా ఆయన నిద్రపొయినాడని రాసుకున్నాక మాత్రం ఇస్తారా? ఆ ఊపిన మాట స్టేషన్లో చెప్పమను. నీ మొగుడి నోటితో చెప్పమను."

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. జబీవుల్లా పెరట్లో, నీళ్ళ తొట్టి గట్టు మీద ఒక్కడే కూర్చొని ఉన్నాడు. ముబషిరా జరిగింది చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"నువ్వు మాటిచ్చేసి వచ్చినావు," అన్నాడు. "ఆ మాట నేను చెప్తే సార్ ఊరుకుంటాడా? బాటిలు సంగతి బయట పెడతాడు."

"ఏ బాటిలు?"

ఆయన అప్పుడు చెప్పాడు. స్టీరింగు మీద చేతులు లేకపోతే ఆ కారు ఊరుకోదు. మొదట కూత పెడుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ కూత రామనారాయణకు చిరాకు. ఏదో ఒకటి చెయ్యరా అన్నాడు. నెల్లూరులో కార్ల స్టాండు దగ్గర డ్రైవర్లు జబీవుల్లాకు ఒక ఉపాయం చెప్పారు. సగం నీళ్ళున్న బాటిలును స్టీరింగుకు ఒక పక్కన తాడుతో బిగించి కడితే, ఆ బరువును కారు చెయ్యి అనుకుంటుంది. ఇంక అరవదు.

"నేనే కట్టేవోడిని. సార్‌కి ముడి వెయ్యడం కూడా రాదు. ఎక్కినప్పుడు కట్టేది, దిగేటప్పుడు విప్పేది. మంగళవారం కూడా నేనే కట్టినా." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఆ పెంచలయ్య అట్ట పడి ఉంటే, నేను ముందు పొయి ఏం చేసినానో తెల్సా? బాటిలు విప్పి కంపల్లోకి ఇసిరేసినా. ఆ తర్వాతే ఆయన దగ్గరికి పొయినా."

ముబషిరా తొట్టి గట్టు పట్టుకుంది. అంతసేపూ తన మొగుడు ఏ పాపం ఎరగనివాడనీ, పెద్దమనిషి పాపం ఆయన నెత్తిన పడుతోందనీ నమ్మింది. ఆ నమ్మకంతోనే అంత దూరం పోయి, అంత ధైర్యంగా మాట్లాడి వచ్చింది.

"ఆ మాట మాత్రం చెప్పొద్దు," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గుడ్డ ఊపినాడని చెప్పు, సార్ సీట్లో ఉండాడని చెప్పు. అంతవరకే. సార్ చెప్తే చెప్పుకోనీ, ఎవురు నమ్ముతారు?"

జబీవుల్లా ఆమెను చూశాడు. లేచి, మగ్రిబ్ నమాజుకు చేతులూ ముఖమూ కడుక్కొని వజూ చేయడానికి తొట్టిలో చెంబు ముంచాడు.

రాత్రి అన్నానికి నలుగురూ నేల మీద గుడ్డ పరిచి కూర్చున్నారు. అన్నం, దాల్చా, వేయించిన అప్పడాలు. ముబషిరా వడ్డిస్తోంది. జబీవుల్లా ఫోను మోగింది. రామనారాయణ. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తరా," అన్నాడు ఫకీర్ సాహెబ్. "సరేనని చెప్పెయ్యి. ఎన్నేండ్ల ఉప్పు తిన్నావో చూసుకో. నువ్వు ఎదురు తిరిగితే ఈ చుట్టుపక్కల నీకు స్టీరింగు ఇచ్చేవోడు ఉండడు."

"ఉండడు అబ్బా," అన్నాడు జబీవుల్లా. "తెలుసు."

"అబ్బా తప్పేం ఉండాది దాదా?" అంది ఇర్ఫానా. "అబ్బా చేతిలో లేదు గదా స్టీరింగు."

"ఎవురి చేతిలోనూ లేకుండా చేసింది నేనే," అన్నాడు జబీవుల్లా.

ఇర్ఫానా అర్థంకాక తల్లిని చూసింది. ముబషిరా గరిటె పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. జబీవుల్లా బాటిలు సంగతి కూతురికీ తండ్రికీ చెప్పాడు. చెప్పేటప్పుడు అన్నం వైపే చూస్తూ చెప్పాడు. కంపల్లోకి విసిరేసింది కూడా దాచలేదు. ఫకీర్ సాహెబ్ ముద్ద కలపడం ఆపాడు. ఇర్ఫానా ముఖంలో రంగు మారింది. తండ్రిని ఆమె అట్లా చూడడం ముబషిరా ఎప్పుడూ ఎరగదు.

"జైలు కదా అబ్బా అప్పుడు?" అంది ఆ పిల్ల, సన్నగా.

"అయ్యుండొచ్చు."

ఫోను మూడోసారి మోగింది. ఈసారి జబీవుల్లా దాన్ని ఆపేసి పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున బస్సుకి పోతా," అన్నాడు. "సార్ పిలిచిన సాయంత్రానికి కాదు, అంతకుముందే. లాయరుతో కాదు, ఒక్కడినే. ఆ మనిషి గుడ్డ ఊపినాడు, నేను చూసినానని చెప్తా. సార్ సీట్లో ఉండాడని చెప్తా. బాటిలు కట్టింది నేనని చెప్తా, ఏ కంపలో ఉండాదో చూపిస్తా. నా పేరు రాసుకుంటారో, ఆయన పేరు రాసుకుంటారో, ఇద్దరివీ రాసుకుంటారో, అది వాళ్ళ పని. ఇంట్లో ఇంక ఎవురూ నన్ను ఆపొద్దు."